పిల్లలకు నులిపురుగులు: మందు పట్టించినా నెలకే మళ్లీ ఎందుకొస్తున్నాయి?

కూకట్‌పల్లి_అమ్మ:
పాపకి ఐదేళ్లు, 16 కిలోలు. బాబుకి ఏడాదిన్నర. పాప రాత్రి పడుకున్న రెండు గంటలకి వెనక వైపు గోక్కుంటూ లేస్తోంది. టార్చి వేసి చూస్తే సన్నటి తెల్ల దారం ముక్కల్లాంటివి కదులుతున్నాయి. ఆల్బెండజోల్ సిరప్ ఒక సీసా పట్టించాం, తగ్గింది. నెల తిరిగేసరికి మళ్లీ అదే. అత్తయ్య, మామయ్యలతో కలిపి ఇంట్లో ఆరుగురం. మంజీరా కుళాయి నీళ్లు తాగుతాం, మిగతా వాటికి బోరు నీళ్లు. మందు పనిచేయలేదా, నీళ్లలోనే ఏదైనా ఉందా? స్వీట్లు మానిపించాలా? బాబుకి కూడా వేయాలా, వేస్తే ఎంత?

పీడ్స్_ఓపీ:
మీరు చూసినవి పిన్‌వార్మ్ అనే సన్నటి నులిపురుగులు. మందు బాగానే పనిచేసిందండీ. మధ్యలో ఆగిపోయింది మీరే.

ఆల్బెండజోల్ పేగుల్లో ఉన్న పురుగుల్ని చంపుతుంది, గుడ్లను చంపదు. మందు పట్టించిన రోజుకే పాప గోళ్ల కింద, దుప్పటి మీద, డ్రాయర్ కుట్ల దగ్గర గుడ్లు ఉంటాయి. అవి తర్వాతి రోజుల్లో నోట్లోకి పోతే కొత్త జట్టు తయారవుతుంది. మింగిన గుడ్డు పొదిగి, పెరిగి, మళ్లీ గుడ్లు పెట్టే ఆడ పురుగు కావడానికి సుమారు నెల పడుతుంది. మీకు నెల తిరిగేసరికి మొదలైందంటే లెక్క సరిగ్గా సరిపోయింది. రెండు వారాలకు రెండో డోసు వేయమనేది ఇందుకే. అప్పటికి ఆ కొత్తవి పేగులో ఉంటాయి, ఇంకా గుడ్లు పెట్టే వయసు రాదు. మూడు రోజులకే వేస్తే ఇంకా నోట్లోకి పోని గుడ్లు మిగిలిపోతాయి. నెల దాటాక వేస్తే అవి అప్పటికే గుడ్లు పెట్టేసి ఉంటాయి.

ఇక దురద సంగతి. ఆడ పురుగు 8 నుంచి 13 మి.మీ. పొడవు, మగది 2 నుంచి 5. పగలంతా పెద్దపేగు మొదట్లో ఉంటాయి. బిడ్డ నిద్రపోయాక ఆడది మలద్వారం దాటి బయటికొచ్చి, అక్కడి చర్మపు ముడతల్లో ఒక్కటే 10 వేల దాకా గుడ్లు పెడుతుంది. వాటి జిగురు వల్లే దురద. నిద్రలో గోకితే గుడ్లు గోరు సందులోకి వెళ్తాయి, పొద్దున్నే ఆ వేలే నోట్లోకి. పెట్టిన 4 నుంచి 6 గంటల్లో ఆ గుడ్డు ఇంకొకరికి అంటుకోడానికి సిద్ధమైపోతుంది. ఇంటి లోపల, ఎండ తగలని చోట రెండు మూడు వారాలు బతుకుతుంది.

నీళ్లను అనుమానించక్కర్లేదు. మంజీరా అయినా బోరు అయినా దీనికి సంబంధం లేదు. కుక్కలూ పిల్లులూ కూడా కారణం కావు, ఈ పురుగు మనుషుల్లోనే ఉంటుంది. వేలు, గోరు, బట్ట, పక్క: దారి ఇదొక్కటే. స్వీట్ల వల్ల పురుగులు పుట్టవు. పళ్ల కోసం తగ్గించుకుంటే మంచిదే, అది వేరే విషయం.

మీ ఇంట్లో ఆరుగురూ ఒకే రాత్రి మందు వేసుకోవాలి. దురద లేనివాళ్లు కూడా. పెద్దవాళ్లలో చాలామందికి పురుగులున్నా ఏమీ తెలియదు. పాపకి నయమయ్యాక మళ్లీ అంటించేది వాళ్లే.

బోరబండ_మెడికల్:
అక్కా, అందరు ఒక్క సీసానే కొనుక్కపోతరు, తిప్పలంత గక్కడనే ఉంది. ఇయ్యాల వేసేదానికి, రెండు వారాలకు వేసేదానికి, రెండిటికి సరిపోయేటట్టు ఒక్కపారే తీసుకపోండ్రి. ఇంట్ల ఉంటే యాదికొస్తది. క్యాలెండర్ మీద తారీకు చుట్టు గీసి పెట్టుకోండ్రి.

డోసు లెక్క చెప్తున్న, కానీ మీ డాక్టర్‌కు ఒక్కమాట చెప్పినంకనే వెయ్యండ్రి. రెండేండ్లు దాటినోళ్లకు, పెద్దోళ్లకు ఆల్బెండజోల్ ఒక్కో డోసుకు 400 మి.గ్రా. సీసా మీద 5 మి.లీ.కి 200 మి.గ్రా. అని రాసి ఉంటే 10 మి.లీ. సీసా మొత్తం ఒక్క డోసన్నట్టు. ఏడాది నుంచి రెండేండ్ల లోపు పిల్లలకు 200 మి.గ్రా., అంటే మీ బాబుకు సగం సీసా, 5 మి.లీ. ఏడాది లోపు పిల్లలకు సొంతంగ ఎయ్యొద్దు.

సీసాను మంచిగ ఊపాలె. మందు అడుగుకు పేరుకుంటది. ఊపకుండ పోస్తే సగం సీసాల సగం మందు రాదు, బాబుకు నీళ్లే పోతయి. కొలత మూతతోటి గానీ సూది లేని సిరంజితోటి గానీ పొయ్యాలె, ఇంట్ల చెంచాతోటి వద్దు. గోలీ అయితే చిన్న పిల్లలకు పొడి చేసి నీళ్లల్ల కలిపి తాపాలె, మొత్తం గోలీ మింగమంటే గొంతుల పడ్తది.

కూకట్‌పల్లి_అమ్మ:
ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. ఇంకోటి. మోషన్ టెస్టులో 'ఏమీ కనపడలేదు' అని వచ్చింది. రక్త పరీక్షలో ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు కూడా మామూలుగానే ఉన్నాయి. మరి ఉన్నట్టా లేనట్టా?

గాజుపలక:
మైక్రోబయాలజీ వాళ్ల వైపు నుంచి. ఈ పురుగుకి మలపరీక్ష సరైన పరీక్ష కాదండీ. గుడ్లు పేగులో పెట్టదు, బయట చర్మం మీద పెడుతుంది. అందుకే మలంలో దొరికేది నూటికి 5 నుంచి 15 మందిలోనే. ఇసినోఫిల్స్ కూడా ఆధారం కాదు. పురుగు పేగు గోడలోకి చొచ్చుకుపోదు, కాబట్టి ఆ కణాలు సాధారణంగా పెరగవు.

సరైనది టేపు పరీక్ష. చాలా డయాగ్నస్టిక్ సెంటర్ల లిస్టులో దీని పేరు ఉండదు. కౌంటర్‌లో అడిగితే మోషన్ డబ్బా చేతిలో పెట్టి పంపిస్తారు. మైక్రోబయాలజీ విభాగంతోనే మాట్లాడి, గాజు స్లైడ్లు ముందురోజే తెచ్చుకోండి.

పద్ధతి: అంగుళం వెడల్పున్న పారదర్శకమైన సెల్లోటేపు తీసుకోండి. మసకగా ఉండే టేపు వద్దు, దాని కింద గుడ్లు కనపడవు. నాలుగు అంగుళాల ముక్క కత్తిరించి, జిగురు వైపు బయటికి వచ్చేలా ఐస్‌క్రీం పుల్ల చివర మడవండి. పిల్ల లేవగానే, బాత్రూంకి వెళ్లకముందే, కడగకముందే, పిరుదులు కొంచెం విడదీసి మలద్వారం చుట్టూ కుడి ఎడమ రెండు వైపులా ఒత్తండి. రుద్దొద్దు, ఒత్తి తీస్తే చాలు. జిగురు వైపు స్లైడ్‌కి ఆనేలా అతికించి, గాలి బుడగలు లేకుండా వేలితో సాపు చేయండి. పేరు, తేదీ రాయండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ స్లైడ్ అంచుకి అంటినవి కూడా అంటుకునే గుడ్లే.

ఒక్కరోజు చేస్తే దొరికే అవకాశం సగానికి సగం. వరసగా మూడు ఉదయాలు తీస్తే 90 శాతం దాకా. మైక్రోస్కోపులో ఒక పక్క చదునుగా, ఇంకో పక్క ఉబ్బుగా, 50 నుంచి 60 మైక్రాన్ల పొడవున్న గుడ్డు కనిపిస్తే ఇక సందేహం లేదు. పిల్ల స్నానం చేసి, డెట్టాల్ నీళ్లతో కడిగి, తీరిగ్గా పదకొండింటికి ల్యాబ్‌కి వచ్చాక తీసిన టేపులో ఏమీ ఉండదు. పరీక్ష తప్పు రావడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

పీడ్స్_ఓపీ:
పైన చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఈ అమ్మ కళ్లారా పురుగుల్ని చూశారు కదా. అలాంటప్పుడు పరీక్ష కోసం ఆగక్కర్లేదు, వైద్యం మొదలుపెట్టొచ్చు. దురద ఉండి పురుగు కనపడనప్పుడు, లేదా రెండు డోసులూ సరిగ్గా పడ్డాక కూడా దురద పోనప్పుడు టేపు పరీక్ష ఎంతో విలువైనది. అప్పుడు పురుగు మళ్లీ వచ్చిందా, అసలు కారణం వేరేదా అన్నది తేల్చేది అదే.

వేరే కారణాలు ఏమిటంటే: మలద్వారం చుట్టూ చిక్కటి ఎరుపు, విరేచనానికి వెళ్తే మంట ఉంటే స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా కావచ్చు, దానికి యాంటీబయాటిక్ కావాలి. వేళ్ల సందుల్లో, నడుము దగ్గర కూడా దురద ఉండి ఇంట్లో అందరూ గోక్కుంటుంటే అది గజ్జి. మలబద్ధకంతో వచ్చిన చీలిక అయితే నొప్పి ఎక్కువ, దురద తక్కువ. ఆడపిల్లల్లో పురుగు ముందు వైపుకి పాకి అక్కడ ఎరుపు, మంట, తెల్లబట్ట తెస్తుంది, కొందరు పక్క తడుపుతారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్స్ మీద యాంటీబయాటిక్స్ వాడేసిన పిల్లలు ఉంటారు. రాత్రి దురద ఉందా అని ఒక్క ప్రశ్న అడిగితే తెలిసిపోయేది.

నల్లకుంట_సిస్టర్:
మందు సంగతి డాక్టర్ గారు చెప్పారు. ఇంట్లో చేయాల్సింది రాస్తాను. రెండు డోసుల మధ్య ఉన్న ఈ రెండు వారాలు, రెండో డోసు తర్వాత ఇంకో వారం గట్టిగా పాటించండి.

అన్నిటికన్నా ముఖ్యం పొద్దున్న లేచిన మొదటి పది నిమిషాలు. రాత్రి పెట్టిన గుడ్లన్నీ అప్పుడు చర్మం మీదే ఉంటాయి. పిల్లని మంచం మీద నుంచి నేరుగా బాత్రూంకి తీసుకెళ్లండి. సోఫా, డైనింగ్ టేబుల్, పాల గ్లాసు అన్నీ తర్వాతే. రాత్రి వేసుకున్న డ్రాయర్ అక్కడే విప్పి నేరుగా బకెట్‌లో వేయండి, దులపొద్దు. సబ్బుతో, పారే నీళ్లతో వెనక భాగం కడిగి స్నానం చేయించండి. మగ్గుతో పోసుకోవడమో షవరో మంచిది. టబ్‌లో కూర్చోబెడితే గుడ్లు ఆ నీళ్లలోనే తేలుతాయి. ఇద్దరు పిల్లల్ని ఒకే టబ్‌లో అసలు వద్దు. ఎవరి తువ్వాలు వాళ్లది.

సాయంత్రం స్నానం అలవాటున్న ఇళ్లలో ఈ మూడు వారాలు పొద్దుటికి మార్చుకోండి.

గోళ్లు: వారానికి రెండుసార్లు, మొదటి డోసు రోజే మొదలుపెట్టి, కండ కనపడేంత పొట్టిగా. నెయిల్ కట్టర్ వేడి నీళ్లలో కడగండి. మన పిల్లలు చేత్తో అన్నం తింటారు, కాబట్టి కంచం ముందు కూర్చునేటప్పుడు సబ్బుతో 20 సెకన్లు, గోళ్ల చివర్లు అరచేతిలో రుద్దుతూ కడిగించండి. శానిటైజర్ ఈ గుడ్లను చంపదు, బడి బ్యాగులో సీసా ఉంది కదా అని ఊరుకోవద్దు. దొడ్డికి వెళ్లాక కడిగే ఎడమ చేయి, హెల్త్ ఫాసెట్ పిడి, మగ్గు పిడి, కుళాయి తిప్పే మర: వీటిని రోజూ సబ్బు నీళ్లతో తుడవండి. అందరూ ఫ్లోర్ మీద పడతారు, ఈ నాలుగూ వదిలేస్తారు.

రాత్రి బిగుతైన కాటన్ డ్రాయర్ మీద పైజమా వేయండి, చేయి లోపలికి పోకుండా.

శుభ్రత_ముఖ్యం:
నా ఉద్దేశంలో ఇల్లంతా ఫినాయిల్‌తో కడగాలి. పరుపులు, దిండ్లు, బొమ్మలు, కర్టెన్లు అన్నీ మరగబెట్టాలి. ఒకసారి పెస్ట్ కంట్రోల్ చేయిస్తే ఇంకా మంచిది. రోజూ దుప్పట్లు మార్చకపోతే ఇది పోదు.

నల్లకుంట_సిస్టర్:
అలా చేయకండి దయచేసి. పెస్ట్ కంట్రోల్ మందు ఈ గుడ్ల మీద పనిచేయదు, చిన్న పిల్లలున్న ఇంట్లో ఆ విషం అనవసరం. రోజూ అన్నీ ఉతకమంటే ఆ ఇంటి తల్లి నాలుగో రోజుకి అలిసిపోయి గోళ్లు, పొద్దుటి స్నానం కూడా వదిలేస్తుంది. ఏది పట్టుకోవాలో తెలియాలి.

మొదటి డోసు వేసిన మర్నాడు పొద్దున్న అందరి దుప్పట్లు, దిండు గలీబులు, నైట్ డ్రెస్సులు, తువ్వాళ్లు ఒకేసారి ఉతకండి. దులపకుండా మడిచి ఎత్తండి, దులిపితే గుడ్లు గాలిలోకి లేచి అందరి మీదా పడతాయి. ఫ్రంట్ లోడ్ మెషిన్ ఉంటే 60 డిగ్రీల ప్రోగ్రాం పెట్టండి. టాప్ లోడ్ మెషిన్లలో చాలావాటికి హీటర్ ఉండదు. వాటికి, లేదా చేత్తో ఉతికేవాళ్లకి, బాగా వేడి నీళ్లలో నానబెట్టి ఉతకడం దారి. ఆ బకెట్ పిల్లలకి అందకుండా బాత్రూం తలుపు వేసి ఉంచండి. తర్వాత డాబా మీద మంచి ఎండలో ఆరేయండి. ఎండ ఈ గుడ్లకి శత్రువు, మన ఊరి ఎండని వాడుకోండి. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టి బాల్కనీలోనే ఆరితే, డ్రాయర్లకి కుట్ల దగ్గర వేడి ఇస్త్రీ చేయండి. దూది పరుపు అయితే ఎండలో వేయండి. కాయిర్, ఫోం పరుపుల్ని కదపనక్కర్లేదు, పై గుడ్డ మారిస్తే చాలు.

తర్వాత వారానికి రెండుసార్లు దుప్పట్లు మారిస్తే సరిపోతుంది. డ్రాయర్ మాత్రం రోజూ పొద్దున, రాత్రి. పడకగదిని చీపురుతో ఊడవకుండా తడి గుడ్డతో తుడవండి. కిటికీలు తెరిచి ఎండ లోపలికి రానివ్వండి.

వేపచెట్టు:
ఇంత మందులెందుకండీ? పరగడుపున వేపాకు ముద్ద, వాము బెల్లం, బొప్పాయి గింజల పొడి. మన పెద్దలు ఇవే వాడేవారు. నెలకోసారి ఆముదం తాగిస్తే కడుపు శుభ్రం.

పీడ్స్_ఓపీ:
వేపచెట్టు గారూ, పెద్దల మీద గౌరవం నాకూ ఉంది. కానీ ఐదేళ్ల పిల్లకి ఆముదం తాగిస్తే విరేచనాలై ఒంట్లో నీరు పోతుంది. పురుగులు కొన్ని బయట పడొచ్చు, మిగిలినవి అక్కడే ఉంటాయి, గుడ్లు గోళ్ల కిందే ఉంటాయి. పసిపిల్లలకు వేపనూనె అస్సలు తాగించకూడదు, మెదడుకీ కాలేయానికీ ప్రమాదం జరిగిన సందర్భాలు వైద్యంలో నమోదయ్యాయి. వాము రుచికి వాడుకోండి. రెండు డోసుల మందుతో పోయేదానికి పిల్లల్ని ఇంత కష్టపెట్టొద్దు.

వెనక భాగంలో వెల్లుల్లి రసం, కిరోసిన్ రాసేవాళ్లూ ఉన్నారు. చర్మం పొక్కిపోతుంది. దురదకి శుభ్రంగా కడిగి తడి ఆర్చి కొబ్బరినూనెగానీ వాసిలిన్‌గానీ పలచగా రాయండి. మెడికల్ షాపులో దురదకి అని ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన మూడు నాలుగు మందుల క్రీములు అక్కడ రాయొద్దు, చర్మం పలచబడి ఫంగస్ వస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్_నాన్న:
మా వాడికి బడిలో ఫిబ్రవరి 10న మాత్ర వేశారు. అది సరిపోదా? వేసిన తర్వాత కూడా గోక్కుంటున్నాడు.

పీడ్స్_ఓపీ:
సరిపోదు సార్, కానీ ఆ మాత్ర తప్పకుండా వేయించండి. 2015 నుంచి ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకి ఇచ్చే ఆల్బెండజోల్, మట్టి ద్వారా వచ్చే ఏలికపాములు, కొంకి పురుగులు, కొరడా పురుగుల కోసం పెట్టిన కార్యక్రమం. రక్తహీనత తెచ్చేవి అవే. అక్కడ ఒక్కో విడతలో ఒక్క డోసే ఉంటుంది. మీ అబ్బాయికి ఉన్నదానికి రెండు వారాలకు రెండో డోసు కావాలి, ఇంట్లో అందరికీ కావాలి. బడిలో మాత్ర వేసిన రోజునే ఇంట్లో మిగతావాళ్లూ డాక్టర్‌ని అడిగి వేసుకుంటే ఆ రోజునే మొదటి డోసుగా లెక్క పెట్టుకోవచ్చు.

బోరబండ_మెడికల్:
అన్నా, ఆల్బెండజోల్ పడనోళ్లకు వేరేవి కూడ ఉన్నయి. మెబెండజోల్ అయితే ఈ పురుగుకు 100 మి.గ్రా. ఒక్కపారి, మళ్ల రెండు వారాలకు ఒక్కపారి. దినానికి రెండుపార్లు మూడు దినాలు అనేది వేరే పురుగులకు, దాన్ని దీనికి కలపొద్దు. పైరాంటెల్ అయితే బరువు లెక్క: కిలోకు 11 మి.గ్రా., ఎంత పెద్దోళ్లయినా 1 గ్రాము దాటొద్దు. 5 మి.లీ.కి 250 మి.గ్రా. ఉన్న సీసా అయితే 15 కిలోల పిల్లకు 165 మి.గ్రా., అంటే 3.3 మి.లీ. దీన్ని పైపరజీన్ అనే ఇంకో పురుగుల మందుతోటి కలిపి ఎయ్యొద్దు, ఒకదాని పని ఇంకోటి చెడగొడ్తది. ఐవర్‌మెక్టిన్ కలిసిన ఆల్బెండజోల్ గోలీ కూడ దొరుకుతది, పేరు దగ్గరదగ్గర ఒక్కతీర్గనే ఉంటది. చిన్న పిల్లలకు అది తీసుకపోకుండ్రి, డబ్బా మీద ఏమేం ఉన్నదో చదివిచ్చుకోండ్రి.

కూకట్‌పల్లి_అమ్మ:
మా ఆడపడుచు వచ్చే వారం వస్తోంది, మూడో నెల. తనూ వేసుకోవాలా? మామయ్యకి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవట. అదేమైనా సమస్యా?

పీడ్స్_ఓపీ:
రెండూ అడగడం చాలా మంచిదయింది.

గర్భిణి, అందులోనూ మొదటి మూడు నెలల్లో, ఆల్బెండజోల్, మెబెండజోల్ వేసుకోకూడదు. తనకి లక్షణాలు లేకపోతే పొద్దుటి స్నానం, గోళ్లు, చేతులు కడగడం, వేరే పడక చాలు. లక్షణాలు ఉంటే తన గైనకాలజిస్టు నిర్ణయిస్తారు. వీలైతే మీ మొదటి డోసు, దుప్పట్ల ఉతుకుడు అయ్యాకే రమ్మనండి.

మామయ్య గారికి మీ డాక్టర్‌ని అడగకుండా వేయొద్దు. మన దేశంలో ఫిట్స్‌కి ఒక కారణం మెదడులో బద్దెపురుగు తిత్తులు. అవి ఉన్న మనిషికి ఆల్బెండజోల్ వేస్తే తిత్తి చుట్టూ వాపు వచ్చి మళ్లీ ఫిట్స్ రావచ్చు. పాత స్కాన్ కాగితాలు ఉంటే తీసుకెళ్లండి. కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ వేరే మందులు వాడేవాళ్లు కూడా ముందు అడగాలి.

మామూలు పిల్లల్లో కాసేపు కడుపు నొప్పి, వికారం, తలనొప్పి రావచ్చు, ఒకరోజులో పోతాయి. మందు పట్టించిన కొద్దిసేపటికే కక్కితే ఇంకో సీసా మీరే పోయకండి, ఫోన్ చేసి అడగండి. కడుపు నొప్పి కుడి వైపు కింద గట్టిగా వచ్చి, జ్వరం, వాంతులు ఉంటే పురుగులే అని ఇంట్లో కూర్చోవద్దు, అదే రోజు చూపించండి. రక్తం పడినా, గోకిన చోట చీము పట్టినా అంతే. డబ్బుకి ఇబ్బంది ఉన్నవాళ్లు బస్తీ దవాఖానాకి వెళ్లొచ్చు, పెద్ద సమస్య అయితే నీలోఫర్ పిల్లల ఆస్పత్రి ఉంది.

సీతాఫల్‌మండి_టీచర్:
బడి వైపు నుంచి. పిల్లని బడి మాన్పించక్కర్లేదు. మొదటి డోసు పడి, స్నానం చేసి, గోళ్లు తీసి పంపితే చాలు. డే కేర్‌కి వెళ్లే పిల్లలైతే అక్కడి వాళ్లకి చెప్పండి, మధ్యాహ్నం పడుకునే చాపలు, దుప్పట్లు కలుపుతారు. బిడ్డ పేరు మీద బోర్డు పెట్టొద్దని కూడా చెప్పండి. తోటి పిల్లల ముందు, చుట్టాల ముందు ఈ మాట ఎత్తకండి, పిల్లలు సిగ్గుపడి దురదని దాచేస్తారు. గోకొద్దు అని కొట్టడం వల్ల ఏమీ రాదు, నిద్రలో చేసేది వాళ్ల చేతుల్లో లేదు.

కూకట్‌పల్లి_అమ్మ:
శనివారం రాత్రి మామయ్య తప్ప అందరం వేసుకుందామనుకుంటున్నాం, ఆయన్ని ముందు డాక్టర్‌కి చూపిస్తాం. ఆదివారం దుప్పట్లు. రెండో డోసు సరిగ్గా రెండు వారాల తర్వాత వచ్చే శనివారం. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయితే పర్లేదా? రెండో డోసు తర్వాత కూడా దురద ఉంటే?

పీడ్స్_ఓపీ:
ఒకటి రెండు రోజులు ఫర్వాలేదు, వారం జరిపితే మాత్రం లాభం పోతుంది. శనివారం రాత్రి, ఆదివారం ఉతుకుడు బాగా కుదిరింది, అందరూ ఇంట్లో ఉంటారు. మామయ్య గారు మందు వేసుకోలేకపోతే ఆయనకి పొద్దుటి స్నానం, గోళ్ల నియమం ఆరు వారాలు కచ్చితంగా ఉండాలి. ఆయన పాపని పక్కలో పడుకోబెట్టుకునే అలవాటుంటే అన్నాళ్లూ మానాలి.

గోకి గోకి పుండైన చర్మం మానడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ దురదని చూసి మూడో సీసా పోయొద్దు. రెండో డోసు అయిన రెండు మూడు వారాలకి కూడా రాత్రి లేస్తుంటే మూడు ఉదయాలు టేపు తీసి స్లైడ్లతో రండి. గుడ్లు కనిపిస్తే రెండు వారాలకోసారి ఇంకా కొన్ని డోసులు, ఇంటిల్లిపాదికీ, డాక్టర్ చూస్తుండగా ఇవ్వాల్సి ఉంటుంది. అప్పుడు మొదట వెతకాల్సింది మందు వేసుకోని మనిషి ఎవరా అని: పని మనిషి పిల్ల పాపతో ఆడుకుంటుందా, వారాంతంలో పాప అమ్మమ్మ ఇంట్లో పడుకుంటుందా, డే కేర్‌లో పక్క చాప ఎవరిది. అలా తేలినవాళ్లకి కూడా మందు మీరే ఇప్పించండి.